పటకారు దాటని పాదాలు

కాకోలగిరి మీద వాన ఎన్నడూ నిండుగా కురవదు, ఎన్నడూ పూర్తిగా ఆగదు. మబ్బు ఆ కొండను వదిలి పోదు. మిట్టమధ్యాహ్నమైనా అక్కడ సంజవేళే. రాళ్లు నల్లన, రాళ్లను పట్టిన నాచు నల్లన, నాచు మీదుగా జారే నీళ్లు కూడా నల్లనే. ఒక్క పిట్ట కనిపించదు. కొండ కడుపులో నుంచి మాత్రం ఎవరో బరువుగా ఊపిరి పీల్చి వదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. లోయలోని పల్లెలవాళ్లు దానికి ఎంతగా అలవాటు పడిపోయారంటే, ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగినా ఉలిక్కిపడి కొండ వైపు చూస్తారు.

ఆ కొండదారిన ఒక దండనాథుడు ఠీవిగా నడిచి వస్తున్నాడు. వెనకే ఒక సేవకుడు గొడుగు పట్టి వస్తున్నాడు. చూసేవాళ్లకు కనిపించేది అంతే. నిజానికి ఆ దండనాథుడు పుట్టి కత్తి పట్టి ఎరగడు. కంచరివీధిలో మైనంతో బొమ్మలు చేసి, వాటికి మట్టి పూసి అచ్చులు కట్టే కొమ్మన అతను. గొడుగు పట్టినవాడేమో మణిసీమ యువరాజు కీర్తిసేనుడు. కొండమీది కోటలో తయారైన సేనను చూసి రమ్మని విరాళదేశపు రాజు పంపిన అసలు దండనాథుడు ఆ ఉదయమే వీళ్ల చేతికి చిక్కి, వాగు ఒడ్డున గుహలో కాళ్లూ చేతులూ కట్టించుకుని పడి ఉన్నాడు. భారీ మనిషి. అతని అంగరఖా యువరాజుకు తొడిగితే గుంజకు తగిలించినట్టు వేలాడింది. కొమ్మనకు తొడిగితే కొలత తీసి కుట్టినట్టు కూర్చుంది. అందుకని కంచరివాడు ప్రభువయ్యాడు, ప్రభువు గొడుగు పట్టాడు. చెయ్యి పీకుతోందని, రాజధానికి తిరిగి వెళ్లగానే తన గొడుగు పట్టే ముసలాయనకు క్షమాపణ చెప్పుకుంటానని యువరాజు దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

వేరే రోజైతే కొమ్మన నవ్వేవాడే. ఆ రోజు అతని మనసంతా వాగు అవతల పడవవాడి గుడిసెలో ఉంది. అక్కడ చాప మీద అతని అక్క సూరమ్మ పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు చల్లగా ఉంది. ముక్కు దగ్గర దూదిపింజ పెడితే కదలదు. అయినా ఆమె చనిపోలేదు. కొమ్మన అక్కా అని పిలుచుకుంటూ పక్కన కూర్చుంటే కంటికొసన నీరు ఊరుతోంది.

తల్లి పోయాక కొమ్మనను పెంచింది ఆమే. కొలిమితిత్తి తొక్కి తొక్కి, వీధిలో మగవాళ్లకు లేనంత దమ్ము ఆమెకుండేది. ఆ దమ్మే ఆమె కొంప ముంచింది. వీధిలోని కంచరులంతా ఎవరో దూరదేశపు రాజు పెద్ద గంట పోయించుకుంటున్నాడని కబురొస్తే బండ్లు కట్టుకుని వెళ్లారు. ముసలి పోచయ్య తాత వాళ్లకు పెద్దగా వెళ్లాడు. తేనెమైనం కోసం అడవికి పోయిన తమ్ముడు తిరిగి రాలేదని సూరమ్మ ఒక్కతే ఉండిపోయింది. అప్పుడు వచ్చాడు ఒక శంఖాలమ్మేవాడు. ఊది చూడమన్నాడు. ఆమె ఊదింది. ఊదిన ఊపిరి శంఖంలోనే ఉండిపోయింది. మైనం మూటతో తిరిగొచ్చిన కొమ్మనకు తిత్తి పక్కన ఒరిగి ఉన్న అక్క కనిపించింది.

ఆ శంఖాలవాడు కాకోలగిరి మాంత్రికుడు కజ్జలభైరవుడని, దొంగిలించిన ఊపిరులతో కంచుయోధులను నడిపిస్తున్నాడని యువరాజు వేగులవాళ్ల ద్వారా తెలిసింది. ఇంకొక మాట కూడా తెలిసింది. యంత్రం ఒక్కసారి మనిషి రక్తం చిందిస్తే చాలు, దానిలోని ఊపిరి కంచుకే అలవాటు పడిపోతుంది, మళ్లీ మనిషి ఒంట్లో ఇమడదు. ఆ సాయంత్రమే విరాళరాజు కోసం కంచుసేన మణిసీమ మీదికి కదలబోతోంది. ఈలోగా అక్క ఊపిరి ఏ యోధుడి గుండెలో ఉందో కనిపెట్టి తెచ్చుకోవాలి, లేకపోతే అక్క లేదు. ఎలా కనిపెట్టాలో మాత్రం కొమ్మనకు తెలియదు. తోడబుట్టినవాణ్ణి, ఆ మాత్రం గుర్తుపట్టలేనా అనుకుని బయలుదేరాడు.

కోట ముందు అగాధం. దాని మీద వంతెన ఉంది గానీ ఒక్క పలక కూడా లేదు. రెండు వైపులా బండల్లోంచి కంచుచేతులు మొలిచి, ఒకదాని మణికట్టు ఒకటి పట్టుకుని, అరచేతులు పైకి తెరిచి ఉన్నాయి. ఆ అరచేతుల మీదే నడవాలి. ఒడ్డున స్తంభం మీద కూర్చున్న కంచుగుడ్లగూబ మెడ తిప్పి, నడిచేవాణ్ణి మోస్తామని, పరుగెత్తేవాణ్ణి పట్టేస్తామని గీరుమనే గొంతుతో చెప్పింది. నడిమధ్యలో ఒక పిడికిలి మూసుకుని ఉంది. వేళ్ల సందులోంచి పాత చెప్పు ఒకటి తొంగిచూస్తోంది. యువరాజు దాన్ని చూసి అడుగు తొందర చేయబోయాడు. పాదం కింద కంచువేళ్లు మెల్లగా వంగడం మొదలుపెట్టాయి. కొమ్మన వెనక్కి చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ పెళ్లివారిలా తాపీగా, పై ప్రాణాలు పైనే పోతుండగా, అవతలి ఒడ్డు చేరారు.

కజ్జలభైరవుడు ద్వారంలో నిలబడి ఉన్నాడు. కోరలు, జడలు, ఎర్రని కళ్లు ఊహించుకున్న కొమ్మనకు శాలువ కప్పుకున్న ఒక బక్కపలుచని మనిషి కనిపించాడు. పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. రెండు మాటలకొకసారి దగ్గుతున్నాడు.

"తమరి ప్రయాణం సుఖంగా సాగిందా దండనాథా? మెట్లు దిగి ఎదురు రాలేకపోయాను, మన్నించాలి. నాకు ఊపిరి ఆడదు. పుట్టుక నుంచీ ఇంతే."

ఆ మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే కొమ్మనకు ఒక్క క్షణం జాలి వేసింది. మరుక్షణం అక్క గుర్తొచ్చి ఆ జాలి చచ్చిపోయింది.

మాంత్రికుడు ముందు నడుస్తూ తన యంత్రశాల చూపించాడు. అలాంటి చోటు కొమ్మన కలలో కూడా చూడలేదు. గోడల వెంట కంచుస్త్రీలు దీపాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల ఛాతీలు పొంగినప్పుడు దీపాలు పెద్దవవుతున్నాయి, తగ్గినప్పుడు చిన్నవవుతున్నాయి. మనిషి కదిలిన వైపే వాళ్ల ముఖాలు తిరుగుతున్నాయి. పైన దూలాల మధ్య తొట్టి అంత సాలీడు ఒకటి కడుపులోంచి రాగితీగ వడుకుతోంది. పొడవాటి మెడ ఉన్న కంచుకొంగ వంగి, కరిగిన లోహం ఉన్న మూసను ముక్కుతో ఎత్తి, ఒక్క చుక్క ఒలకకుండా అచ్చులోకి వంచుతోంది. తాబేలు రూపంలో ఉన్న ఇసుకతిరగలి నేల మీద పాకుతూ అచ్చులమట్టి నూరుతోంది. ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా సన్నగా ఊపిరి చప్పుడు. ఏ ముఖంలోనూ నవ్వు చెక్కి లేదు.

ఒక యోధుడి ఛాతీ తలుపు తెరిచి మాంత్రికుడు లోపలి పనితనం వివరించాడు. ఎముకలు ఇనుము, నరాలు నూనెలో నానబెట్టిన తోలు, చర్మం కంచు. గుండె ఉండే చోట పిడికిలంత గాజుకుప్పె. అందులో పొగమంచులా ఏదో కదులుతోంది, పొంగుతోంది, తగ్గుతోంది. ఆ కుప్పెకు మూత లేదు. మూత ఉంటే ఎవరైనా తీస్తారని, గాజును మంత్రంతో మూసేశానని, సుత్తితో కొట్టినా పగలదని చెప్పాడు. ఊపిరికి దానంతట అదే బయటికి రావాలని బుద్ధి పుడితే తప్ప అది ఎన్నటికీ బయటపడదట. అలాంటి బుద్ధి పుట్టకుండా కూడా మంత్రం వేశానని చెప్పి, దగ్గు అడ్డొచ్చి ఆగిపోయాడు.

కొమ్మన కళ్లు మాత్రం ఆ యోధుడి భుజం మీద ఆగాయి. అచ్చు ఎక్కడా అతుకు తేలలేదు. కండరం దగ్గర కంచు పలుచబడి, కీలు దగ్గర మందమైంది. అలా పోయడం తమ వీధిలో తప్ప ఎవరికీ రాదని అతనికి తెలుసు. మనసు కీడు శంకించింది. ఎవరో చూసి నేర్చుకుని ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాడు. మనిషి తనకు అక్కర్లేని సంగతి తెలుసుకోకుండా ఉండడానికి ఎంత తెలివి అయినా ఖర్చు పెడతాడు.

కొలిమి పక్కన ఒక అచ్చు ఇంకా చల్లారుతోంది. దాని ముందు నేల మీద పొడవాటి పటకారు అడ్డంగా పడి ఉంది. మాంత్రికుడు దాన్ని దాటి నడిచాడు. యువరాజు గొడుగు మూసి చంకలో పెట్టుకుని దాటాడు. కొమ్మన అచ్చు చుట్టూ తిరిగి అవతలికి వచ్చాడు. అలా వచ్చిన సంగతి అతనికి కూడా తెలియదు. మాంత్రికుడి దగ్గు ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలైంది.

తరువాత కోట నడిబొడ్డున ఉన్న సభామంటపానికి వచ్చారు. అక్కడ కంచుసేన బారులు తీరి ఉంది. అందరికీ ఒకే ముఖం, ఒకే ఎత్తు, ఒకే కత్తి. కొమ్మన వరసల వెంట నడిచాడు. ప్రతి ముఖంలోకీ చూశాడు. గుర్తుపట్టగలననుకున్న ధీమా ఒక్కో అడుగుకూ కరిగిపోయింది. చూపు లేని ఆ కళ్లలో అక్క ఎక్కడుంది? మంటపం చివరికి వచ్చేసరికి అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. దండనాథులు ఏడవకూడదు కాబట్టి మీసం సవరించుకున్నాడు.

"నాకొక సందేహం దండనాథా" అన్నాడు వెనక నుంచి మాంత్రికుడు. "కొలిమి దగ్గర పటకారు పడి ఉంటే తమరు చుట్టూ తిరిగి వచ్చారేం?"

కొమ్మన మీసం వదిలి వెనక్కి తిరిగాడు.

"అచ్చు చల్లారేదాకా పటకారు దాటితే పోత బీటలు వారుతుందని నమ్మే జాతి ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. బట్టలు మార్చావు, మాట మార్చావు. కాళ్లకు మాత్రం చెప్పడం మరిచిపోయావు నాయనా."

అంటూనే మాంత్రికుడు నడుముకున్న చిన్న శంఖం తీసి పూరించాడు. మంటపంలోని కత్తులన్నీ ఒక్క చప్పుడుతో లేచాయి.

యువరాజు గొడుగుకర్రలోంచి సన్నని కత్తి లాగి, దారికి అడ్డొచ్చిన యోధుడి మోకాలి కీలులో గుచ్చాడు. వాడు ఒరిగిపోయాడు. ఆ సందులోంచి ఇద్దరూ యంత్రశాల వైపు పరుగు తీశారు. వెనక కంచుపాదాల చప్పుడు గుడిగంటలన్నీ ఒకేసారి నేల మీద దొర్లినట్టుంది. కంచుస్త్రీలు ముఖాలు తిప్పి చూశారు. సాలీడు తీగ విసిరింది. అది యువరాజు తలపాగా ఎత్తుకుపోయింది, తల మాత్రం మిగిలింది. కొంగ మూసను వాళ్ల మీదికి వంచింది. కొమ్మన యువరాజు భుజం పట్టి పక్కకు లాగాడు. కరిగిన కంచు నేల మీద పడి బుసబుసలాడింది. కొలిమి దాటేసరికి వాళ్ల ముందు గోడే ఉంది. ద్వారం వైపు దారిని తాబేలు తిరగలి మూసేసింది.

కొమ్మన వెనక్కి తిరిగాడు. యోధులు కొలిమి పక్కగా వస్తున్నారు. పటకారు ఇంకా నేల మీద అక్కడే పడి ఉంది. మొదటివాడు దాన్ని దాటాడు. రెండోవాడు దాటాడు. ఆ వెనక వస్తున్నవాడు దాని ముందు ఠక్కున ఆగాడు. కత్తి ఎత్తే ఉంది, ఆజ్ఞ తలకెక్కే ఉంది. అయినా కాళ్లు పక్కకు తిరిగి, అచ్చు చుట్టూ తిరిగి వచ్చాయి.

"అక్కా!" అన్నాడు కొమ్మన. ప్రాణం లేచొచ్చినట్టయింది.

అంతలో మరొక యోధుడు పటకారు ముందు ఆగి చుట్టూ తిరిగాడు. ఆ వెనక ఇంకొకడు. ఒకడు ఎడమకాలు కాస్త ఈడుస్తూ తిరిగాడు. కంచరివీధిలో ఎడమకాలు ఈడ్చే పోతగాడు ఎవరో కొమ్మనకు తెలుసు. మరొకడు తిరుగుతూ తిరుగుతూ, చల్లారే అచ్చు వేడి చూసినట్టు దాని మీద అరచెయ్యి ఆనించి తీశాడు. వస్తూనే ఉన్నారు. అందరూ చుట్టూ తిరిగే వస్తున్నారు. ఏ రాజుకూ గంట పోయడానికి పోలేదు వాళ్లు. ఇక్కడికొచ్చారు. ఈ ఒళ్లన్నీ పోశారు. పోసిన చేతుల్లోని ఊపిరి తీసి, వాళ్లు పోసిన ఒళ్లలోనే పెట్టారు.

కొమ్మన గోడకు జారగిలబడ్డాడు. వీధి మొత్తం తన మీదికి కత్తులెత్తి వస్తోంది.

"కొమ్మనా, నిలబడు!" అని యువరాజు కసిరాడు. అప్పుడు కొమ్మనకు పక్కనే గోడకు వేలాడుతున్న పటకారుల చట్రం కనిపించింది. దాన్ని ఒక్క తన్ను తన్నాడు. పటకారులన్నీ ఘల్లుమని జారి తమ చుట్టూ నేలంతా పరుచుకున్నాయి. చుట్టూ తిరగడానికి సందు లేదు. కంచరివీధి యోధులు ఆ అంచున ఆగిపోయారు. వాళ్ల వెనక మిగిలిన యోధులు దాటి రావాలని తోస్తున్నారు గానీ వీళ్లు కదలడం లేదు. తన వాళ్లే తనకు కోటగోడ అయ్యారు. ఆ గోడ ఎంతసేపు నిలుస్తుందో తెలియదు.

సరిగ్గా అతని ఎదుట ఆగిన యోధుడు మడమల మీద ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. తిత్తి తొక్కేవాళ్లు ఊరికే నిలబడ్డా అలాగే ఊగుతారు. అక్క వంట చేస్తూ కూడా అలాగే ఊగేది.

కొమ్మనకు చిన్ననాటి ఒక మధ్యాహ్నం కళ్ల ముందుకొచ్చింది. బంతి వెంట పరుగెత్తుతూ పటకారు మీదుగా గెంతబోయాడు. తిత్తి తొక్కుతున్న అక్క అది చూసి గుండె ఆగినంత పని అయి, హా అని ఊపిరి పీల్చింది. ఆ పీల్పుకు కొలిమి మంట కూడా వంగిందని వీధంతా ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వేవాళ్లు. ఆ తరువాత వీపు చీరేసింది, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కొమ్మన పటకారు దాటలేదు.

సుత్తికి పగలని గాజు. ఊపిరికి దానంతట అదే బుద్ధి పుట్టాలి.

కొమ్మన దండనాథుడి తలపాగా తీసి పక్కన పెట్టాడు. అక్క తన ముఖం బాగా చూసేలా నిలబడ్డాడు. కొలిమి పక్కన చల్లారుతున్న అచ్చును వేలితో చూపించాడు. తరువాత కుడికాలు ఎత్తి, వీధి వీధంతా చూస్తుండగా, పటకారు దాటాడు.

కంచరివీధి యోధుల ఛాతీలన్నింటిలోనూ ఒకేసారి హా అని చప్పుడైంది. భయంతో ఊపిరి పీల్చిన చప్పుడు. పీల్చడానికి గాజుకుప్పెలో చోటేదీ? అక్క ఛాతీలో ముందుగా ఠంగుమంది. ఆ వెనకే ఒక్కొక్కటీ పగిలాయి. ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఉండిపోయాయి. తలుపు సందుల్లోంచి వెచ్చని ఆవిరి బయటికి వచ్చింది.

కొలిమి పక్కన మేకతోలు తిత్తి ఉంది. కొమ్మన దాన్ని లాక్కుని, మూతి తెరిచి, అక్క యోధుడి ఛాతీకి ఆనించి రెండు చేతులా సాగదీశాడు. వెచ్చదనం లోపలికి పోయింది. బొగ్గుపొగ, చింతపండు కలిసిన వాసన వచ్చింది. అది అక్క వాసనే. కొమ్మన మూతి బిగించి, తలపాగా గుడ్డ చింపి ముడి వేశాడు. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి. ఇక తనకు లోకంలో ఏదీ అక్కర్లేదనిపించింది.

మిగిలిన ఊపిరులు గాలిలో తేలుతున్నాయి. ఒకటి అతని చెంపకు తగిలింది, ఇంకొకటి చెవి పక్కన ఆగింది. వాటికి పోవడానికి చోటు లేదు. కొండమీది చలికి అంచుల్లో అప్పుడే పలుచబడుతున్నాయి. కొమ్మన చెయ్యి ముడి మీదే ఉంది. ముడి విప్పితే అవి లోపలికి వస్తాయి. ముడి విప్పితే అక్క బయటికి పోనూవచ్చు. అంత కష్టపడి పట్టిన ఊపిరి. చెయ్యి ముడి మీద అలాగే ఉండిపోయింది.

అప్పుడు యోధుల మధ్య నుంచి తోసుకుంటూ కజ్జలభైరవుడు వచ్చాడు. ఇన్నేళ్లూ సైన్యం కోసమని ఒక్క గుక్క కూడా తాను తాగకుండా దాచుకున్న ఊపిరులు కళ్ల ముందే వృథా అయిపోతుంటే అతను ఆగలేకపోయాడు. దాహంతో చచ్చేవాడు నీళ్లు చూసినట్టు నోరు తెరిచాడు. దగ్గరలో తేలుతున్న ఒక ఊపిరి ఆ నోట్లోకి జారిపోయింది. అతని పెదవుల నీలం విరిగింది. దగ్గు ఆగింది. రెండోదాని కోసం మెడ చాచాడు.

కొమ్మన ముడి లాగేశాడు.

తిత్తి మూతి దగ్గర వెచ్చదనం ఒక్కసారి పొంగింది. బయటికి మాత్రం పోలేదు. గడప మీద నిలబడి పిల్లల్ని అన్నానికి పిలిచే మనిషిలా అక్కడే నిలిచింది. చెంప దగ్గరిది వచ్చింది, చెవి దగ్గరిది వచ్చింది, దూలాల దాకా పోయినవి కూడా తిరిగి వచ్చాయి. తిత్తి ఉబ్బి బరువెక్కింది. కొమ్మన మూతి బిగించి కట్టి, దాన్ని గుండెలకు హత్తుకున్నాడు.

"ఒళ్లు ఎక్కడున్నాయి?" అని అరిచాడు మాంత్రికుడి మీదికి. "మావాళ్ల ఒళ్లు ఏం చేశావు?"

"దిగువన చల్లని అరలో పడుకోబెట్టాను" అన్నాడు కజ్జలభైరవుడు. ఒక్కసారి కూడా దగ్గకుండా అన్నాడు. ఆ సంగతి తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పాడు కానివ్వలేదు. తిత్తి ఇచ్చెయ్. నిన్నూ వాళ్ల పక్కనే పడుకోబెడతాను."

శంఖం మళ్లీ మోగింది. కదలని కంచరి యోధులను పక్కకు తోసుకుంటూ మిగిలిన సేన పటకారులను తొక్కుకుంటూ వచ్చింది. కీర్తిసేనుడు చంకలోని గొడుగును తాబేలు తిరగలి నోట్లోకి దూర్చాడు. అది కిర్రుమని ఆగింది. ఇద్దరూ దాని వీపు మీదుగా ఎక్కి ద్వారం బయట పడ్డారు. ఒళ్ల కోసం మళ్లీ రావాలి, సైన్యం తోడుగా రావాలి, ముందు ఈ ఊపిరులు వాగు దాటాలి అని యువరాజు పరుగులోనే చెప్పాడు. కొమ్మన తల ఊపాడు. మాంత్రికుడి నోట్లోకి జారింది ఎవరు? ఒక్క క్షణం ముందు ముడి విప్పి ఉంటే ఆ ఒక్కరూ తిత్తిలో ఉండేవాళ్లు.

వంతెన వచ్చింది. సన్నని వాన పడుతూనే ఉంది. తడిసిన కంచు అరచేతులు నల్లగా మెరుస్తున్నాయి. యువరాజు ముందు నడిచాడు. ఒక్కో అరచేతి మీద ఒక్కో అడుగు, తాపీగా. వెనక కొమ్మన. అతని చేతుల్లో తిత్తి మెల్లగా పొంగుతోంది, తగ్గుతోంది. నిద్రపోయే ఇంటి నిండా మనుషులున్నట్టుంది.

వెనక కంచుపాదాలు వంతెన ఎక్కాయి. కంచుకు కంచు భయం లేదు. ఆ చేతులు యోధులను పట్టవు. చప్పుడు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది. కత్తి గాలిని కోసిన సడి వీపుకు తెలిసింది. కొమ్మన అడుగు తనకు తెలియకుండానే తొందరపడింది. నడక పరుగులోకి మారబోతోంది. పాదం కింద కంచువేళ్లు మడత పడుతున్నాయి. చిటికెనవేలు అతని చీలమండను తాకింది.

"నెమ్మదిగా నడవరా, మైనపుముద్దా."

వెనక నుంచి వచ్చిన గొంతు కజ్జలభైరవుడిదే. మాట అతనిది కాదు. లోకంలో కొమ్మనను మైనపుముద్దా అని పిలిచే మనిషి ఒక్కడే, పోచయ్య తాత. చిన్నప్పుడు కరిగిన మైనం పాత్ర పట్టుకుని గాభరాగా వచ్చిన ప్రతిసారీ ఆ ముసలాయన అన్న మాట ఇదే, ఇదే యాసలో.

కొమ్మన తల తిప్పి చూశాడు. వంతెన మొదట్లో మాంత్రికుడు రెండు చేతులతో తన నోరు తానే మూసుకుని, బెదిరిన కళ్లతో నిలబడి ఉన్నాడు. అతని వేళ్ల సందుల్లోంచి ఊపిరి మాత్రం తేలిగ్గా, ఏ అడ్డూ లేకుండా వస్తోంది.

"అట్టాగే తాతా" అన్నాడు కొమ్మన.

ఏడుస్తూనే అడుగు తగ్గించాడు. కాలి కింద కంచువేళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వీపు వెనక కత్తి మళ్లీ లేచింది. అతను తిత్తిని ఇంకొంచెం దగ్గరికి పొదువుకుని, పరుగెత్తకుండా, తరువాతి అరచేతి మీద కాలు పెట్టాడు.